పిండం పక్కన నెత్తళ్లు

ఆ రోజు నేను ఒక తప్పు చేశాను. పల్లె ఆడవాళ్లు సముద్రం ఒడ్డున ఎండబెట్టుకున్న నెత్తళ్లు అనే చిన్న చేపల్లోంచి గుప్పెడు తీసుకొచ్చి, మా బావ పేరున పెట్టిన పిండం పక్కన ఎవరూ చూడకుండా పడేశాను. కాకి తొందరగా రావాలని. కాకి వచ్చింది. దానివల్ల మా అప్పకు దక్కవలసిన మాట ఒకటి దక్కకుండా పోయింది.

అప్ప అంటే మా పెదనాన్న కూతురు. మా వైపు అక్కను అలాగే పిలుస్తాం. మాది టెక్కలి పక్క ఊరు. ఆమెను పూండి దాటాక సముద్రానికి దగ్గర్లో ఉన్న ఊరికి ఇచ్చారు. బావది కొబ్బరి, జీడి తోట. నలభై నిండకుండానే కిడ్నీలు పాడైపోయాయి. ఉద్దానం అనే ఆ తోటల ప్రాంతంలో అప్పటికే అది వింత జబ్బు కాదు. పలాసలో రక్తం పరీక్ష, తర్వాత విశాఖ పెద్దాసుపత్రి, ఆ తర్వాత ఇంటికి తీసుకెళ్లిపొమ్మనడం. ఏ వీధిలో అడిగినా ఇదే వరస చెప్పేవారు.

రెండువేల సంవత్సరం దాటిన కొత్త రోజులవి. నేను విశాఖలో ఫిలాసఫీ ఎం.ఏ. చదువుతున్నాను. దేవుడు లేడని నాకు అంతకు ముందే తేలిపోయింది. అంతకు కొన్నేళ్ల క్రితం తుఫాను వెళ్లిన మర్నాడు మేనమామ తోట చూడ్డానికి పలాస నుంచి నడిచి వెళ్లాను. దారి పొడుగునా కొబ్బరిచెట్లు పడిపోయి ఉన్నాయి. వాటి మధ్య నిలబడి ఒక రైతు ఆకాశానికి దండం పెడుతున్నాడు. ఇంత చేసినవాడికి దండమా అని నాకు ఒళ్లు మండింది. ఆ కోపమే నా నాస్తికత్వానికి మొదలు. తర్వాత చదివినవన్నీ ఆ కోపానికి దొరికిన సాక్ష్యాలు.

బుద్ధుడు నాకు యూనివర్సిటీలో దొరికాడు. ఒకసారి మిత్రులతో శాలిహుండం కొండ ఎక్కాను. పాత ఇటుకల స్తూపాల మధ్య కూర్చుంటే కింద వంశధార సముద్రం వైపు వెళ్తూ కనిపించింది. మనిషి కూడా ఆ నది లాంటివాడే, ప్రవాహమే తప్ప లోపల ఆత్మ అనే గట్టి గింజ ఏదీ లేదు అని అక్కడే మిత్రులకు ఉపన్యాసం ఇచ్చాను. స్వర్గం చూపించి ఆశపెట్టని, నరకం చూపించి భయపెట్టని గురువు దొరికాడని సంతోషపడ్డాను. ఎవరైనా నీ మతమేమిటంటే మానవవాదినని చెప్పేవాణ్ణి. మనిషి బాధ తగ్గించడమే ధర్మం, మిగతాదంతా పొగ అనేవాణ్ణి. హాస్టల్లో ఆ మాటకు చప్పట్లు కొట్టేవాళ్లు ఉండేవారు.

బావ పెద్దాసుపత్రిలో ఉన్నన్నాళ్లూ మా హాస్టల్ నుంచి అక్కడికి సిటీ బస్సులో ఎంతో దూరం లేదు. నేను వెళ్లింది రెండుసార్లే. రెండోసారి మంచం పక్కన నిలబడి, ఏం మాట్లాడాలో తెలియక, సెమినార్ పేపరుందని చెప్పి వచ్చేశాను. మానవుడి గురించిన పేపరే అది.

పెద్దకర్మ రోజు పొద్దున్నే రైలు దిగి వెళ్లాను. తోటలు అయిపోయి ఇసుక మొదలయ్యే చోట, గెడ్డ అనే చిన్న వాగు ఒడ్డున, అందరూ చేరారు. బావకు కొడుకుల్లేరు, ఒక్కతే కూతురు. అందుకని అన్నగారే కర్మకు కూర్చున్నాడు. ఆయన్ని నేను పెద్దబావ అంటాను. అన్నదమ్ములిద్దరూ ఆస్తి పంచుకోలేదు. తోట అంతా కాగితాల్లో పెద్దబావ పేరుతోనే ఉంది. మగదిక్కు లేనిది ఇంక పుట్టింటికి వెళ్లిపోవడమే మంచిదని ఆ ఇంట్లో మాటలు మొదలయ్యాయి. అప్ప మాత్రం తోటలోనే ఉంటాను, కాయ నేనే దింపించుకుంటాను, జీడిపిక్క నేనే ఏరుకుంటాను అంది. పెద్దబావ అవుననలేదు, కాదనలేదు. ఇదంతా అక్కడున్న ప్రతి ఒక్కరికీ తెలుసు. నాకు తెలియదు. రైలు దిగి వచ్చినవాణ్ణి, ఎవర్నీ అడిగి తెలుసుకోలేదు.

మా వైపు పద్ధతి ఏమిటంటే, పిండం ఆకులో పెట్టి అందరూ దూరంగా జరుగుతారు. కాకి వచ్చి ముడితే పోయినవాడు తృప్తిపడ్డట్టు. రాకపోతే అతని మనసులో ఏదో మిగిలిపోయినట్టు. అప్పుడు అయినవాళ్లు ఒక్కొక్కరే ముందుకు వచ్చి, ఆ మిగిలిందేమిటో ఊహించి, తీరుస్తామని మాటిస్తారు. నలుగురూ వింటుండగా చచ్చిపోయినవాడికి ఇచ్చిన మాట అది. దాన్ని వెనక్కి తీసుకున్నవాడు ఆ ఊళ్లో తలెత్తుకు తిరగలేడు.

కాకి రాలేదు. ఎండ ఎక్కుతోంది.

"ఏటిది, కాకులే కరువైపోనాయేటి?" అన్నాడొకాయన.

"ఆడికి పలాస టేసన్ కాడ ఇడ్లీ అంటే పేణం. ఈ సప్పిడి ముద్ద ఏటి తింటాడు?" అన్నాడు పక్కాయన. నలుగురైదుగురు నవ్వి, వెంటనే సర్దుకున్నారు.

"నవ్వండ్రా, నవ్వండి. రేపు మీ పిండాలకి గెద్దలు కూడా రావు," అంది మామ్మ. ఆవిడ బావకు మేనత్త, ఊరందరికీ మామ్మ. చేతికర్ర ఇసుకలో గుచ్చి నిలబడి ఉంది. "ఒరే పెద్దోడా, నోరిప్పు. తోడబుట్టినోడివి నువ్వు. నీ మాట కోసమే సూత్తన్నాడు ఆడు."

పెద్దబావ తడిబట్టతో నాలుగడుగులు ముందుకు వేసి చేతులు జోడించాడు.

"తమ్ముడా, నీ కూతుర్ని సదివిత్తాన్రా. బెంగెట్టుకోకు. రా."

కొబ్బరిమట్ట మీద ఒక కాకి కూర్చుని ఉంది గానీ కదల్లేదు.

"నీ బండి అమ్మన్రా. సావిట్లోనే ఉంచుతాను."

"బండేటిరా, బండి!" అంది మామ్మ. "సచ్చినోడు బండెక్కి ఎక్కడికెల్తాడు? అసలు మాట సెప్పు."

అప్ప తలమీద కొంగు కప్పుకుని ఆడవాళ్ల ముందు నిలబడి ఉంది. రాత్రి నుంచీ ఏమీ తినలేదని ఎవరో అన్నారు. ఆమె కాకి వైపు చూడ్డం లేదు. పెద్దబావ నోటి వైపు చూస్తోంది. నేను దాన్ని చూశాను, చూసి కూడా అర్థం చేసుకోలేదు. నాకు కనిపించింది ఎండలో సొమ్మసిల్లబోతున్న ఒక ఆడమనిషి, ఆమెను నిలబెట్టిన ఒక మూఢనమ్మకం. ఆత్మే లేనప్పుడు తినేదెవరు? ఒక పక్షికి ఆకలి వేయకపోవడం వల్ల ఇంతమంది బాధపడాలా? కరుణ అంటే ఈ బాధను ఆపడం కాదా? ఇలా నాలో నేను వాదించుకుని గెలిచాను.

కాళ్లు పట్టేశాయన్నట్టు అక్కణ్ణుంచి జరిగి ఒడ్డు వైపు నడిచాను. ఇసుకలో పరిచిన నెత్తళ్ల దగ్గర ఎవరూ లేరు. గుప్పెడు తీసి జేబులో పోసుకున్నాను. తిరిగి వచ్చేసరికి గాలికి ఆకు అంచు లేస్తోంది. దాన్ని సర్దుతున్నట్టు వంగి, చేపలు పిండం పక్కన జారవిడిచి, రెండడుగులు వెనక్కి వేశాను. కర్మ తంతు పూర్తయ్యేదాకా మా ఇళ్లలో నీసు, అంటే చేపా మాంసం, ముట్టరు. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసే చేశాను.

అదే సమయంలో మామ్మ గొంతు పెంచింది.

"ఆ తోట మాట సెప్పరా! అదొక్కటీ సెప్పు, ఎందుకు రాడో సూత్తాను!"

పెద్దబావ పెదాలు తడుపుకున్నాడు.  తర్వాత మళ్లీ చేతులు జోడించాడు.

"తమ్ముడా... నీ పెళ్లాం... ఆ గెడ్డ కాడి తోట..."

కాకి దిగింది.

"ముట్టింది! ముట్టింది!" అని అందరూ ఒక్కసారి అరిచారు. కర్మ చేయించే దాసుడు శంఖం ఊదాడు. పెద్దబావ మాట అక్కడే ఆగిపోయింది. ఆయన తువ్వాలుతో మొహం గట్టిగా తుడుచుకున్నాడు. అది దుఃఖమనుకున్నాను. జనం స్నానాలకని గెడ్డలోకి దిగిపోయారు. కాకి ఒక చేపను ముక్కున కరచుకుని ఎగిరింది. పిండంలో ముక్కు పెట్టలేదు. దూరంగా ఉన్నవాళ్లకు అది తెలిసే వీలు లేదు. దగ్గరున్న నేను చూశాను. మిగిలిన చేపల్ని కాలితో ఇసుకలోకి తోసేశాను. ఒక చిన్న ఉపాయంతో ఇంతమందికి విముక్తి కలిగించానని గర్వపడ్డాను కూడా.

మధ్యాహ్నం భోజనాలయ్యాక పెరటి వసారాలో అప్ప ఒక్కతే గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. ముందు పెట్టిన విస్తరి అలాగే ఉంది.

"రెండు ముద్దలైనా తిను అప్పా," అన్నాను.

"తింతాన్లే." విస్తరి పక్కకు జరిపి అంది, "ఇంకాసేపు రాకుంటే బాగున్ను."

"ఏటి?"

"కాకి. మీ పెద్దబావ నోటి కాడికొచ్చింది మాట. నాను సూసేను. ఇంకొక్క మాట అనుంటే అందరూ ఇనేవోరు. ఇంక అనడు. మామ్మ కర్రెట్టి కొట్టినా అనడు."

 అప్పుడే అడిగాను, తోట సంగతేమిటని. ఆమె అంతా చెప్పింది. చెప్పి, విస్తరి మీద వాలిన ఈగను తోలుతూ, నన్ను చూడకుండా అంది:

"మీ బావకి నామీద కోపమేమో తమ్ముడా. ఆసుపత్రిలో ఆకర్న నీల్లడిగితే డాట్రొద్దన్నారని ఇవ్వనేదు. నన్నిక్కడ ఉండొద్దనే ఆళ్లన్న మాట పూర్తవ్వకుండా వొచ్చి ముట్టీసినాడు. ఆడికే ఇష్టం నేకపోతే నానెవర్తిని ఉండడానికి?"

బాధ తగ్గించడమే ధర్మమని ఎన్నిసార్లు అన్నానో నాకే లెక్కలేదు. నా ఎదురుగా కూర్చున్న మనిషి బాధ నేను కలిగించింది. తోట పోవడం ఒక్కటే కాదు. చచ్చిపోయిన భర్త తనను తోసేశాడని ఆమె నమ్మింది. ఆ నమ్మకాన్ని ఆమె నెత్తిన పెట్టినవాణ్ణి నేను. అయినా ఆ సంగతి చెప్పకుండానే లేచి తోటలోకి వెళ్లిపోయాను.

తోటలో జీడిచెట్ల కింద తిరుగుతూ ఆలోచించాను. అక్కడ నిలబడినవాళ్లలో ఎంతమంది నిజంగా కాకిని బావే అనుకున్నారు? నాకు తెలియదు. మామ్మ అనుకుందో లేదో ఇప్పటికీ చెప్పలేను. కానీ పెద్దబావ చేత ఆ మాట అనిపించడానికి ఆ ఊళ్లో వేరే దారి లేదని ఆవిడకు తెలుసు. పంచాయతీ పెడితే ఆయన గెలుస్తాడు. కాగితం చూపిస్తే ఆయనదే. కొబ్బరిమట్ట మీద కదలకుండా కూర్చున్న ఆ పక్షి ఒక్కటే ఆయన్ని నిలబెట్టగలిగింది. నేను పొగ అన్నదాని వెనక ఒక పొయ్యి ఉంది. దాని మీద ఎవరికో కూడు ఉడుకుతోంది. నేను నీళ్లు పోశాను.

బుద్ధుణ్ణి నేను చదివానని చెప్పుకోవడం కూడా అప్పుడు నాకు సిగ్గనిపించింది. ఇవ్వనిది తీసుకోవద్దన్నాడు, తీసుకున్నాను. అబద్ధమాడొద్దన్నాడు, నోరు తెరవకుండా అంతమందితో అబద్ధమాడాను. ఈ రెండింటికీ కరుణ అని పేరు పెట్టుకున్నాను. కరుణ అంటే ముందు పక్కన నిలబడి, ఏమైందని అడగడం. ఆసుపత్రిలో బావ మంచం పక్కనా అడగలేదు, ఇక్కడా అడగలేదు. నాకు మానవుడు తెలుసు. అప్ప తెలియదు.

వెనక్కి వెళ్లి ఆమెకు చెప్పేశాను. నెత్తళ్ల సంగతి, కాకి పిండం ముట్టని సంగతి, అంతా. తిడుతుందనుకున్నాను. ఆమె నా మొహంలోకి చూసింది.

"అయితే ఆడు కాదా?"

"కాదప్పా. నేనే."

"ఆడు రానేదా?"

"రాలేదు."

కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. పొద్దుటి నుంచీ నేను చూస్తుండగా ఆమె ఏడవడం అదే మొదలు. తర్వాత మొహం తుడుచుకుని, "ఈ మాట నా కాడ సెప్పీసి నువ్వు రైలెక్కిపోతే ఎలాగ? అక్కడ సెప్పు," అని వీధి వైపు చూపించింది.

వీధి అరుగు మీద పెద్దబావ, మరికొందరు కూర్చున్నారు. మామ్మ గుమ్మంలో ఉంది. నిలబడే చెప్పాను.  ముగించేసరికి పెద్దబావ లేచి తువ్వాలుతో నా మొహం మీద కొట్టాడు.

"నీసా? నా తమ్ముడి పిండం కాడ నీసేసినావా? నీ సదువు సముద్రంలో కలిపీ! ఇందుకేనేట్రా మీ నాన్న నిన్ను వైజాగ్ అంపినాడు?"

"తప్పయిపోయింది పెద్దబావా."

"అయిపోనాదేదో అయిపోనాది. నోరు మూసుకుని పో. ఎవరికీ సెప్పకు."

"ఇంకెవరున్నార్రా సెప్పకుండడానికి? అందరం ఇక్కడే ఉన్నాం," అంది మామ్మ. "అయితే నా మేనల్లుడు ఇంకా ఆకలి మీదే ఉన్నాడన్నమాట. రేపు పొద్దున్న మళ్లీ పెట్టండి."

"దాసుడెలిపోనాడు. రెండోమాటు పెడతారేటి ఎక్కడైనా?" అన్నాడు పెద్దబావ.

"పెడతాం. ఏం, కాకంటే బయమేటి నీకు? మాటంటే బయమా?"

పెద్దబావ తువ్వాలు భుజాన వేసుకుని లోపలికి వెళ్లిపోయాడు. మామ్మ నావైపు తిరిగింది. "ఒరే సదువుకున్నోడా, అన్నం నువ్వే వండు. నీసు సెయ్యి కడుక్కుని వండు."

తెల్లారగానే జాలరుల పల్లెకు వెళ్లి, నెత్తళ్లు ఎవరివో కనుక్కుని, ఆ ఇంటామెతో చెప్పాను. ఆమె నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. "గుప్పెడు నెత్తళ్లకి ఇంత దూరమొచ్చీసినావా బాబూ? కాకులు రోజూ అంతకన్నా ఎక్కువే ఎత్తుకుపోతాయి. ఆటిలో ఒక్కటైనా వొచ్చి సెప్పిందేటి?" ఆ నవ్వుకు తలవంచుకుని, సముద్రంలో మునిగి, తడిబట్టతోనే గెడ్డ ఒడ్డున మూడు రాళ్లు పెట్టి అన్నం వండాను. అడుగు కొంచెం మాడింది. 

ముందటి రోజంత జనం రాలేదు. వచ్చినవాళ్లు చాలు. పెద్దబావ వస్తాడో రాడో అనుకున్నాం. అందరికన్నా చివర వచ్చి, మనుషుల వెనక నిలబడ్డాడు.

మొదట నన్నే మాట్లాడమంది మామ్మ. బావ ఎక్కడా లేడని నాకు తెలుసు. ఈ రోజుకీ నా అభిప్రాయం అదే. కానీ ఆకు ముందు చేతులు జోడించినప్పుడు, వినేవాడు లేడన్న కారణంతో అబద్ధం చెప్పే వీలు లేకపోయింది. వినేవాళ్లు నా వెనక నిలబడి ఉన్నారు.

"బావా, నువ్వు మంచం మీదుంటే రెండుసార్లే వచ్చాను. రెండోసారి పారిపోయాను. నిన్న మీ అన్న నోట్లో మాట నేనే ఆపేశాను. అప్పది తప్పేమీ లేదు."

 పక్కకు జరిగాను. గాలి వీస్తోంది. మామ్మ ఈసారి ఎవర్నీ పిలవలేదు, కర్ర కూడా కదపలేదు. అప్ప తల తిప్పి పెద్దబావను చూసింది, అంతే. ఆయన ఇసుకలో కాళ్లీడుస్తూ ముందుకు వచ్చాడు. ఆకు దగ్గర గొంతుక్కూర్చున్నాడు, చిన్నప్పుడు తమ్ముణ్ణి అన్నానికి లేపినట్టు.

"తమ్ముడా, ఆ గెడ్డ కాడి తోట నీ పెళ్లాందే. నానుగానీ, నా కొడుకులుగానీ ఆ గట్టు దాటం. ఇక్కడున్నోళ్లందరూ ఇన్నారు." చేతులు జోడించాడు. "ఇంక నీ ఇష్టం."

కాకి ఏదీ రాలేదు. ఎవరూ చెట్ల వైపు చూడలేదు కూడా. మామ్మ వెళ్లి పెద్దబావ వీపు నిమిరింది. కాసేపటికి ఒక్కొక్కరే ఇళ్లకు బయల్దేరారు. అప్ప నా దగ్గర ఆగింది.

"అది ముట్టేదాకా నువ్వుండు. కుక్కల్ని రానివ్వకు. ముట్టిందో నేదో ఉన్నదున్నట్టు నాకొచ్చి సెప్పు. రాకపోతే రానేదనే సెప్పు."

ఉంటానన్నాను. ఆకుకు దూరంగా ఇసుకలో కూర్చున్నాను. ముందటి రోజు నేను తట్టుకోలేకపోయిన ఎండ అదే. సాయంత్రం రైలు టికెట్ పొద్దున్న సముద్రంలో జేబులోనే తడిసి ముద్దయింది. రెండుసార్లు కుక్కల్ని తోలాను. గాలికి ఆకు లేస్తే మాత్రం ముట్టుకోలేదు, చిన్న రాయి అంచు మీద దూరం నుంచి విసిరాను. పొద్దు వాలుతుండగా ఒక కాకి దిగింది. చుట్టూ గెంతింది. మాడిన మెతుకుల్ని వదిలేసి తెల్లటి ముద్దలో ముక్కు పెట్టింది.

లేచి, ఇసుక దులుపుకుని, అప్పకు చెప్పడానికి ఊళ్లోకి నడిచాను.